కిరీటం వింటుంది

పోయిన నెలలో ఒకే వారంలో ఇద్దరు మా గడప తొక్కారు. గడప అన్నాను గానీ, నరసరావుపేటలో నేను అద్దెకుంటున్న ఈ రెండు గదులకు గడప లేదు, సిమెంటు పట్టీ ఒకటుంది. దానికే ప్రతి శుక్రవారం పసుపు రాస్తాను. అది మా నాయనమ్మ నేర్పిన పని. ఇల్లు చిన్నదైందని మానేసే పని కాదు.

మొదట వచ్చినవాడు మా ఊరి శేషయ్య మనవడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, గురజాలలో తమ పార్టీ ఊరేగింపుకు ఒక సినిమా నటి వస్తోందట. "నాలుగంటే నాలుగు ముక్కలు రాసిపెట్టు నానమ్మా. మన పల్నాటి దెబ్బ తగలాల. నీ అంత బాగా రాసేటోళ్లు ఈ జిల్లాలో యాడున్నారు?" అన్నాడు. "ఆమె ఏ పార్టీ తరఫున వస్తోందో ఆమెకు తెలుసా?" అన్నాను. వాడు నవ్వాడు. "ఆమెకెందుకు నానమ్మా? రాసిచ్చింది సదివితే సాలు. ఓట్లేం మారవులే, జనం పోగవుతారు, అంతే." వెంటనే కాదని చెప్పవలసింది. చెప్పలేదు. జిల్లాలో నా అంత బాగా రాసేవాళ్లు లేరన్న మాట విని కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. చూస్తానులే అన్నాను.

మూడోనాడు సత్తెనపల్లి బస్సు దిగి అంజమ్మ వచ్చింది. మా ఊళ్లో నాటకాలాడిన కోటయ్య కూతురు, అంగన్‌వాడీలో పనిచేసి మానుకుంది. చంకలో రేకుపెట్టె. పాత ఇంట్లో వసారా స్తంభం దాటి లోపలికి రాని మనిషి, ఇక్కడ కుర్చీ తనే లాక్కుని కూర్చుంది. నాకు నొప్పి కలగలేదని చెబితే అబద్ధం. పెట్టె మూత తీయగానే గది వాసన మారిపోయింది. పాత కొబ్బరినూనె, జిగురు, అర్దళం. అర్దళమంటే ముఖానికి పూసుకునే పసుపుపచ్చ రంగురాయి, నూనె వేసి నూరేవారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు పందొమ్మిదేళ్లు వచ్చేశాయి. పెట్టెలో ఉన్నది అట్టతో చేసి తగరం అతికి, గాజురాళ్లు పొదిగిన కిరీటం. ఒక పక్క నుజ్జయిపోయింది.

"ఒక మాట అడగాలని వచ్చినా అమ్మాయిగారూ," అంది అంజమ్మ. "ఆ పొద్దు జీపెక్కి మా నాయన అన్న మాటలు తనకు తానే అన్నాడని ఇప్పటికీ ఊరంతా అంటది. ఊరు తగలబడింది కోటయ్య నోటివల్లేనంటారు. చచ్చేదాకా అడిగినా, చెప్పలా. రంగేసుకుంది మీ ఇంట్లోనే గదా. మీకు తెలిసే ఉంటది."

కాఫీ పెడతానని వంటగదిలోకి వెళ్లాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ కిరీటం మా ఇంటిది. మా తాతగారు నరసరావుపేటలో తగరప్పని చేసే ఒక సాయిబుగారిని పిలిపించి, నెలరోజులు మా పశువులకొట్టం పక్క గదిలో కూర్చోబెట్టి చేయించారు. గురజాలకూ మాచర్లకూ మధ్య మా ఊరు. నాపరాళ్ల అరుగులు, సున్నం కొట్టిన గోడలు, ఎండాకాలం కళ్లు తెరవనివ్వని తెలుపు. మా తాతగారు మునసబు, ఆయన తండ్రి మునసబు, తర్వాత మా నాన్న. ఊరు రెండు బజార్లు. పై బజారువాళ్లకూ కింద బజారువాళ్లకూ ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేని పగ. రెండు బజార్ల వాళ్లూ చెప్పులు విడిచి కూర్చునే అరుగు ఊరి మొత్తానికి మా ఇంటిదొక్కటే. పొద్దున్నే నాయనమ్మ ఆ అరుగు కడిగించేది. నాన్న గంజిపెట్టిన పంచె కట్టుకుని వచ్చి కూర్చునేసరికి నాపరాయి ఇంకా తడిగానే ఉండేది. లోపలినుంచి ఎండుమిరపకాయలు వేగే ఘాటు, గోగాకు ఉడికే పులుపు. నాన్న రెండుసార్లు తుమ్మేవాడు. ఆ తుమ్ములు విని కచ్చేరీ మొదలైందనుకుని జనం వచ్చేవాళ్లు.

కోటయ్య కుట్టుమిషన్ మీద బతికేవాడు. ఊరి ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆయనవే. పంటలు ఇంటికి చేరాక ఆడే నాటకంలో మాత్రం దేవుడి వేషం ఆయనది. "పోయినేడు దేవుడు నా జాకెట్టు చంక బిగించి కుట్టినాడే," అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. కానీ రాగం ఎత్తితే నవ్వినవాళ్లే కొంగు సవరించుకునేవాళ్లు. మాచర్ల నుంచి అచ్చంపేట దాకా ఆయన గొంతు తెలియని ఊరు లేదు, బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే రెండోసారికి నోటికొచ్చేది. ఒకసారి పట్టుకున్న మాట ఇక వదిలేవాడు కాదు. సొంతంగా మాత్రం నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడలేడు. "నాకు రాసిందే నోటికొస్తది అమ్మాయిగారూ. నాదంటూ ఏముంది, దారం సూదీ తప్ప," అనేవాడు.

ఆట రాత్రంతా సాగేది. అసలు పని తెల్లారాక ఉండేది. రంగు కడుక్కోకుండా, కిరీటం తీయకుండా కోటయ్య మా అరుగు మీద వచ్చి కూర్చునేవాడు. నాయనమ్మ హారతిచ్చేది. ఏడాది పొడుగునా తెగని తగాదాలు, గట్టు జరిపారనీ కాలవ నీళ్లు మళ్లించారనీ, ఇరువైపుల వాళ్లూ తెచ్చేవారు. ఆ వేషం ముందు ఒకళ్లకొకళ్లు మాట ఇచ్చుకునేవాళ్లు. కోటయ్య తీర్పు చెప్పేవాడు కాదు. ఎవరి తప్పో అడిగేవాడు కాదు. "మాట ఇచ్చారు. విన్నాను," అనేవాడు, అంతే. మా తాతగారు పెట్టిన కట్టుబాటు అది. కిరీటం వింటుంది, చెప్పదు. నేను చూస్తుండగా కింద బజారు హనుమయ్య గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి, ఆ గొడ్డలి మా మెట్టు కింద పెట్టి, పై బజారు శేషయ్యకు నీళ్ల వంతు మీద మాటిచ్చి వెళ్లాడు. ఆ మాట ఆరేళ్లు నిలిచింది. కోర్టు నిలపలేని మాటను మా అరుగు మీద ఒక అట్ట కిరీటం నిలిపింది.

అప్పుడు ప్రభుత్వం వంశపారంపర్యపు మునసబు పదవుల్ని తీసేసింది. జీపులో వచ్చిన బంట్రోతు నాన్న చేతే కాగితాల కట్టలు కట్టించి, వెళ్తూ వెళ్తూ సిరా డబ్బా కూడా అడిగి తీసుకెళ్లాడు. మర్నాడు కూడా నాన్న గంజి పంచెతో అరుగు మీదికి వచ్చాడు, తుమ్మాడు. ఎవరూ రాలేదు. నెలా రెండు నెలలూ అలాగే. నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. "తొక్కేటోళ్లు లేక అరుగు అద్దంలా ఉందిరా. కడిగే పని తప్పింది," అనేది. నాన్న వీపు ఇంకా నిటారుగా అయ్యేది. ఆ వీపే నాకు వచ్చింది.

ఎన్నికలొచ్చాయి. మిరపకాయ కోతలు ముగిసి కళ్లాలు ఎర్రగా పరుచుకున్న రోజులు. ఒక మధ్యాహ్నం శేషయ్య వచ్చాడు. చాలా నెలల తర్వాత మా అరుగు ముందు చెప్పులు విడిచిన మనిషి. నాన్న ముఖంలో వెలుగు నేను కిటికీలోంచి చూశాను.

"కోటయ్యను వేషం కట్టించి జీపు మీద ఊరంతా తిప్పాల బావా. నాలుగు మాటలు మనోడికి ఓటెయ్యమని చెప్పిస్తే సాలు," అన్నాడు శేషయ్య. "మావోడు గెలిస్తే ఈ అరుగుకు మళ్లీ పాత కళ వచ్చుద్ది. నువ్వు చెప్తే కాదనేటోడా కోటయ్య?"

"జాకెట్లు కుట్టేవాడు చెబితే ఓటేస్తారా ఎవరైనా?" అన్నాడు నాన్న.

"ఎయ్యరు. నువ్వూ నేనూ ఎరగమా? పై బజారోడు పైకే, కింద బజారోడు కిందికే. ఊరికే ఒక సందడి."

"అలాంటప్పుడు ఏమవుతుందిలే," అన్నాడు నాన్న. ఆ మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. ఏమీ కాదు కాబట్టి చేయవచ్చు అనుకున్నారు.

కోటయ్యను పిలిపించారు. మెడలో కొలత టేపుతోనే వచ్చాడు. విని, ఆ టేపు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "కిరీటం చెప్పదు గదయ్యా. పెద్దయ్యగారి కట్టుబాటు," అన్నాడు. "ఇది నాటకం కాదులే. పెద్దాయన కట్టుబాటు నాటకానికి," అన్నాడు నాన్న. తండ్రి కట్టుబాటును కొడుకే విప్పితే కోటయ్య ఏమంటాడు? ఆయన పెళ్లికి పుస్తెలు మా ఇంటివి, అంజమ్మ పుట్టినప్పుడు పాలు మా ఇంటివి. "అట్టాగే. మరి నాకు రాసియ్యాల. నా నోటికి సొంతంగా రాదు," అన్నాడు. నాన్న లోపలికి చూశాడు. "అమ్మాయి రాస్తుంది. తెలుగు డిగ్రీ చదువుతోంది కదా," అన్నాడు.

నేను రాశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. కాలేజీ నోటుపుస్తకంలో కాగితం చింపి, వసారాలో కూర్చుని, కొట్టేసి కొట్టేసి రాశాను. మొదటి మూడు వాక్యాలు ఎవరైనా రాయగలిగినవే. నాలుగోది వచ్చినప్పుడు నా ఒళ్లు పులకించింది. "పై బజారు పక్కన నిలిచినవాడు ధర్మం పక్కన నిలిచాడు, నిలవనివాడు తానెవరి పక్కనున్నాడో తానే చూసుకోవాలి." ఎంత తూగు, ఎంత బిగువు! అది ఎవరి చెవిన పడుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. నా చెవికి బాగుంది. అంతే చూసుకున్నాను. కోటయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి ఆయన కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. చివరి మాట దగ్గర మాత్రం ఆగి, "ఇది కొంచెం గట్టిగా ఉందేమో అమ్మాయిగారూ?" అన్నాడు. "గట్టిగా ఉంటేనే వింటారు," అన్నాను. ఆయన తలూపి, కాగితం మడిచి చొక్కా లోపలికి దోపుకున్నాడు. చదవలేని మనిషికి కాగితమెందుకో నాకు తోచలేదు.

మర్నాడు పట్టపగలు మా వసారాలో రంగు పూసుకున్నాడు. ఎప్పుడూ దీపం వెలుగులో చూసిన ముఖం ఎండలో చూస్తే పచ్చగా, జబ్బుపడినట్టు ఉంది. కిరీటం పెట్టుకుని బయటికి రాగానే అలవాటుగా నాయనమ్మ ముందు ఆగాడు. హారతి పళ్లెం సిద్ధంగానే ఉంది, కర్పూరం వెలగలేదు. నాయనమ్మ పళ్లెం గూట్లో పెట్టేసింది. "ఎవురికియ్యాలిరా ఇవాళ? దేవుడికా, కోటయ్యకా, శేషయ్యకా? తేల్చుకుని రా, ఇస్తా," అంది. కోటయ్య తలవంచుకుని జీపెక్కాడు.

పై బజారులో జనం ఈలలు వేశారు, పూలు చల్లారు. కింద బజారు మొదట్లో కూడా బాగానే ఉంది. ఒకామె అలవాటు చొప్పున వేషానికి కాళ్లు కడగడానికి బిందెతో నీళ్లు తెచ్చింది. జీపు ఆగింది. మాచర్ల దాకా పేరున్న ఆ గొంతుతో కోటయ్య నా నాలుగు వాక్యాలూ చెప్పాడు. నాలుగోదాన్ని ఒక రాగపు విరుపుతో, నేను రాసినదానికంటే గొప్పగా చెప్పాడు. మేడ మీద నుంచి నాకు స్పష్టంగా వినబడింది. ఎవరూ తిట్టలేదు, రాయి వేయలేదు. బిందె తెచ్చినామె ఆ నీళ్లను మురిక్కాలవలో కుమ్మరించి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ పక్క తలుపు పడింది. దాని పక్కది. బజారు చివరిదాకా తలుపులు ఒకటొకటిగా పడ్డ చప్పుడు, ఆ తర్వాత జీపు ఇంజను చప్పుడు.

ఓట్లు ఎప్పుడూ పడినట్టే పడ్డాయి. పైవి పైకి, కిందవి కిందికి. ఒక్క ఓటూ మారలేదని నాన్నా శేషయ్యా నవ్వుకున్నారు. ఇప్పుడు శేషయ్య మనవడు నాతో అన్నదీ అదే మాట.

పదిహేను రోజులు గడవలేదు. మిరప కళ్లాలకు పోయే బండిదారి మీద శేషయ్య మనుషులు కంప వేశారు. హనుమయ్య తమ్ముడు దాన్ని లాగేశాడు. ఏటా వచ్చే తగాదానే. వేరే ఏడాదైతే నాటకం దాకా ఆగుదామని ఎవరో ఒకరు అనేవారు. ఆ ఏడు ఎవరూ అనలేదు. మిట్టమధ్యాహ్నం కళ్లాల దగ్గర రెండు బజార్లూ కర్రలతో, గొడ్డళ్లతో ఎదురుబదురుగా నిలబడ్డాయని కబురొచ్చింది. నాన్న కోటయ్యకు మనిషిని పంపాడు, జీపు నాటినుంచీ ఆయన దగ్గరే ఉన్న కిరీటం పెట్టుకుని రమ్మని. రంగు పూసుకునే వ్యవధి లేదు. చొక్కా మీద, మెడలో టేపు మీద, కిరీటం. అలాగే నడిచి వెళ్లి ఇరుపక్కల మధ్య నిలబడ్డాడు. నాన్న వెనకాల నేనూ వెళ్లాను.

హనుమయ్య ముందుకొచ్చాడు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "అది తీసెయ్ కోటయ్యా. ఉత్త కోటయ్యవైతే నీ మాట ఇంటా. మా ఇంటి ఆడోళ్ల బట్టలు కుట్టినోడివి. అది నెత్తిన పెట్టుకుంటే మాత్రం శేషయ్య మనిషివి. మేం ఎవురి పక్కనున్నామో చూసుకోమన్నావు గదా? చూసుకున్నాం."

కోటయ్య కిరీటం తీయలేదు. తీయవచ్చని కూడా ఆయనకు తోచలేదేమో. తల తిప్పి మావైపు చూశాడు. నాటకంలో మాట మరిచిన నటుడు తెర పక్కకు చూస్తాడే, అలా నా వైపు చూశాడు. ఆ చూపు అయ్యేలోపే కళ్లం మూల నిప్పు లేచింది. మిరపకాయల కుప్ప అంటుకుంటే ఆ పొగ ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మనిషి ఊపిరి తీసుకోలేడు, వదలలేడు. ఆ దగ్గులో, ఆ గుడ్డితనంలో ఎవరి కర్ర ఎవరికి తగిలిందో తెలియదు. పొగ పలచబడేసరికి హనుమయ్య తమ్ముడు లేవలేదు. కోటయ్య గొంతు మీద దెబ్బ పడింది. బతికాడు. గొంతు రాలేదు.

తర్వాత ఒక చావుకు ఇంకో చావు, కేసులు, గురజాల కోర్టు మెట్లు. ఆ మెట్లెక్కీ ఎక్కీ నాన్న పోయాడు, ఇల్లు పోయింది. అందులో ఇప్పుడు ఎరువుల బస్తాలు పెట్టుకుంటున్నారు. ఊరు మాత్రం తీర్పు ఎప్పుడో చెప్పేసింది, కోటయ్య నోరు జారాడని. నాన్న ఆ మాటను సరిదిద్దలేదు. మా ఇంటి పేరు అందులోకి రాకూడదు. నేనూ సరిదిద్దలేదు. దెబ్బ మానిన తర్వాత కోటయ్య ఒకసారి నా జాకెట్టు తెచ్చిచ్చాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. "కొలత సరిపోయిందా అమ్మాయిగారూ?" అని ఊపిరితో అడిగాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ మనిషి ముందు నా వంశం ఎంత పొట్టిదో ఆ రోజే తెలిసింది. ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

పేరున్నవాళ్లు ఎవరికి ఓటెయ్యమంటే మాత్రం ఏమవుతుంది, జనం వెర్రివాళ్లు కాదు అని ఇవాళ అందరూ అంటారు. నిజమే, ఓటు మారదు. కానీ రెండు పక్షాల వాళ్లూ కలిసి చెవి ఒగ్గే గొంతు ఏ ఊరికైనా ఒకటో అరో ఉంటుంది. అది ఒక పక్కకు ఒరిగిన రోజున ఏమీ జరిగినట్టు కనబడదు. తలుపులు పడతాయి, అంతే. మళ్లీ అవసరం వచ్చినప్పుడు ఆ గొంతు ఉండదు. ఆ రోజుల్లో మా ఊరికి అలాంటిది ఒకటుండేది. ఇప్పుడు నేను చుట్టూ చూస్తే అలాంటిది ఒక్కటీ కనబడదు. గురజాల గోడల మీద ఆ నటి బొమ్మలు మాత్రం అతికిస్తున్నారు.

కాఫీ తెచ్చేసరికి అంజమ్మ కిరీటాన్ని బల్ల మీద పెట్టి ఉంది. కోటయ్య తలకు అది కాస్త వదులు, లోపల గుడ్డపీలికలు కుక్కుకునేవాడు. ఆ పీలికల మధ్యనుంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పరిచింది. కాలేజీ నోటుపుస్తకపు కాగితం. సిరా గోధుమరంగుకు తిరిగింది, కొట్టివేతలు అలాగే ఉన్నాయి.

"మా నాయనకు అచ్చరం ముక్క రాదు," అంది. "పోయినేడు ఇది దొరికినకాడ్నించీ తెలుసు నాకు. మీ నోటెంట వినాలని వచ్చినా. మీ ఇంటి పద్ధతేగా, దీని ముందు చెప్పండి."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "నేనే రాశాను," అన్నాను. "నాలుగు వాక్యాలూ నావే. చివరిది గట్టిగా ఉందని మీ నాన్న అన్నాడు. నేనే వినలేదు."

"ఊరికెవురు చెప్తారు?"

"రాస్తాను. పేర్లతో రాస్తాను. అచ్చులో వస్తుంది."

"హనుమయ్య మనవళ్లు సదువుతారు. శేషయ్య మనవళ్లూ సదువుతారు. ఎలచ్చన్ల ముందు."

"తెలుసు."

బల్ల మీద ఫోను మోగింది. శేషయ్య మనవడి పేరు. మోగి మోగి ఆగిపోయేదాకా మేమిద్దరం కదల్లేదు. అప్పుడు అంజమ్మ నన్ను కాక కిరీటాన్ని చూస్తూ, తండ్రి అరుగు మీద అన్నట్టే, మెల్లగా అంది.

"మాట ఇచ్చారు. విన్నాను."

కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది. కిరీటం మీ ఇంటిదేనని వదిలివెళ్లింది. కాగితం మాత్రం తీసుకెళ్లింది.